చవక జాంబీ సినిమాలకే ఎందుకింత గుబులు? కోట్లు పోసి తీసినవి ఎందుకు ఆనవు?

మూడో పాళీ:

అందరికీ నమస్కారం. నాది గచ్చిబౌలిలో రాత్రి పాళీ ఉద్యోగం, ఉండేది నిజాంపేటలో. కంపెనీ కారు తెల్లవారుజామున మూడున్నరకు గేటు దగ్గర దింపి వెళ్తుంది. వెంటనే నిద్ర పట్టదు. ఆ వేళ ఎవరికి ఫోను చేసినా తిడతారు. అందుకని ముఖం కడుక్కుని, పెరుగన్నం కలుపుకుని, ఏదో ఒక సినిమా పెట్టుకుంటాను. ఏదో ఒకటి అంటున్నాను కానీ, అన్నీ శవాలు లేచి నడిచే సినిమాలే. అందులోనూ పాతవి, చేతిలో డబ్బు లేనివాళ్లు తీసినవి.

నాతో ఉండే స్నేహితురాలికి ఇది పెద్ద నవ్వులాట. ఆమె పగటి ఉద్యోగి. నీళ్లు తాగడానికి లేచి, తెర వైపు ఒకసారి చూసి, "మొహానికి బియ్యప్పిండి రాసుకున్న మనిషి మెల్లగా నడుస్తున్నాడు. దీనికా నువ్వు దుప్పటి కప్పుకున్నావు?" అని వెళ్లి పడుకుంటుంది. ఆమె మాటలో అబద్ధం లేదు. అది పిండేనని నాకూ కనిపిస్తూనే ఉంది.

కానీ వేలమంది జాంబీలు ఒకరి మీద ఒకరు పడి గోడలెక్కే సినిమాలు చూస్తూ నేను పకోడీలు తినగలను. విమానాలు కూలుతాయి, నగరాలు తగలబడతాయి, నాకేమీ కాదు. అదే 1968లో జార్జ్ రొమేరో తీసిన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' మొదటి పది నిమిషాలు ఇప్పటికీ ఒంటరిగా చూడలేను. ఒక అమ్మాయి, ఆమె సోదరుడు తండ్రి సమాధి దగ్గరికి వస్తారు. దూరంగా, వాళ్ల వెనక, కోటు వేసుకున్న మనిషి ఒకడు నడుస్తుంటాడు. కెమెరా అతన్ని పట్టించుకోదు. ఆ ఊరివాడెవడో తనవాళ్ల సమాధి చూసుకోవడానికి వచ్చి ఉంటాడని మనమూ వదిలేస్తాం. సోదరుడు అతన్ని చూపించి ఆమెను ఆట పట్టిస్తాడు. ఆమె సిగ్గుపడి, పాపం ఆ పెద్దమనిషి విన్నాడేమో, క్షమించమని అడుగుదామనుకుంటూ అతనికి ఎదురు వెళ్తుంది. అక్కడ నాకు కడుపులో తిప్పుతుంది. పిండి, రంగు, ఏమీ గుర్తుండవు.

ఇది నా ఒక్కదాని పిచ్చేనా? దీని కిటుకు ఎక్కడుందో తెలిసినవాళ్లు చెప్పగలరా?

ఇంకో సంగతి కూడా ఉంది. నేనూ, ఆఫీసు స్నేహితులూ కలిసి పది నిమిషాల చిన్న సినిమా తీద్దామనుకుంటున్నాం. కెమెరా అంటే ఫోనే. అందరం వేసుకుంటే పదివేల రూపాయలు దాటవు. బాలానగర్ వైపు మూతపడిన ఫ్యాక్టరీ షెడ్లలో తీస్తే బాగుంటుందని ఒకరి ఆలోచన. సలహాలుంటే చెప్పండి.

సగం టికెట్:

కిటుకు మీ ప్రశ్నలోనే ఉంది. తెల్లవారుజామున మూడున్నరకు ఒంటరిగా కూర్చుని చూస్తే వాతావరణ సూచన కూడా భయపెడుతుంది. అదే సినిమాను ఆదివారం మధ్యాహ్నం, పక్కింట్లో కుక్కర్ కూతలు వినిపిస్తుండగా చూడండి. బియ్యప్పిండి బియ్యప్పిండిలాగే ఉంటుంది.

రెండో మాట. చవక సినిమాల్లో గొప్పవి ఉన్నాయని అందరూ అంటారు. చవక సినిమాల్లో చెత్త ఎంతో ఎవరూ చెప్పరు. నేను వీటిని కాలేజీ రోజుల నుంచి చూస్తున్నాను. చాలా వాటిలో చీకటి ఎందుకుందంటే లైట్లు అద్దెకు తెచ్చుకోలేదు కాబట్టి. మనుషులు మెల్లగా ఎందుకు నడుస్తారంటే నిడివి సరిపోలేదు కాబట్టి. వందలో మిగిలిన ఆ రెండుమూడు సినిమాలను చూసి పేదరికానికే కళ ఉందనుకుంటే ఎలా?

మూడోది, మనవాళ్లకు జాంబీ అంటే భయం కాదు, సరదా. 2021లో ప్రశాంత్ వర్మ 'జాంబీ రెడ్డి' తీసినప్పుడు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో చూశాను. కర్నూలు ఫ్యాక్షన్‌లోకి జాంబీలను దింపితే జనం ఈలలు వేసి చూశారు. నేనూ వేశాను. శవాన్ని చూసి ఈల వేసే ప్రేక్షకుడికి మీ సమాధుల గుబులు ఎక్కుతుందా అని నా సందేహం.

పాత చప్పుడు:

అమ్మా, మీ ప్రశ్న నా పాత వృత్తిని కదిలించింది కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను. నేను సినిమాలకు ఎఫెక్ట్స్ చేసేవాణ్ని. తెర మీద నడిచేది హీరో, అడుగుల చప్పుడు నాది. మద్రాసులో మొదలుపెట్టి, పరిశ్రమ ఇటు వచ్చినప్పుడు దాని వెంటే వచ్చి యూసుఫ్‌గూడలో స్థిరపడ్డాను. మోకాళ్లు సహకరించక మానేశాను.

ముందు మీ సమాధుల మనిషి దగ్గరికి వద్దాం. ఆ సినిమా తీసినవాళ్లు పిట్స్‌బర్గ్‌లో టీవీ ప్రకటనలు తీసుకుని బతికే బృందం. మొత్తం ఖర్చు లక్షా పద్నాలుగు వేల డాలర్లని లెక్క. అది అమెరికాలో సినిమాకు చిల్లర. చవకని నలుపు తెలుపులో తీశారు. నెత్తురుకు చాక్లెట్ సిరప్ వాడారు, నలుపు తెలుపులో ఎవరికి తెలుస్తుంది? కథంతా జరిగే పల్లెటూరి ఇల్లు అప్పటికే కూల్చేయబోతున్న ఇల్లు. అందుకే తలుపులకు మేకులు కొట్టినా, కిటికీలు పగలగొట్టినా అడిగేవాళ్లు లేరు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ ఇంటికి వయసుంది. సెట్టు వేసినవాడు గోడకు మరకలు వేస్తాడు. ఆ ఇంటి మరకలు అక్కడ బతికినవాళ్లు వేసినవి. అందులో మనుషులు లేకపోవడం కూడా నిజమైనదే. డబ్బున్న నిర్మాత ఈ ఖాళీని సహించడు. ఖాళీ కనిపిస్తే వంద మంది జూనియర్ ఆర్టిస్టులను, నాలుగు పొగ యంత్రాలను, నలభై వయొలిన్లను తెచ్చి నింపుతాడు. డబ్బు లేనివాడి దగ్గర నింపడానికి ఏమీ ఉండదు. ఖాళీ ఖాళీగానే ఉండిపోతుంది. చూసేవాడే అందులోకి వెళ్లి నిలబడాలి. నా మటుకు మీరడిగిన కిటుకు ఇదే.

నా అనుభవంలోది ఒకటి చెబుతాను. తొంభైల్లో ఒక దెయ్యం సినిమాకు పనిచేశాను, పేరు వద్దు. పాత బంగళాలో కథానాయిక ఒంటరిగా మెట్లెక్కే దృశ్యం. నేను ఒక్క కుళాయి చుక్క వేశాను. పైఅంతస్తులో ఎక్కడో, చాలా దూరంగా, చుక్క. ఆమె ఆగినప్పుడు చుక్క ఆగదు. ఆమె నడిచినప్పుడు రెండు చుక్కల మధ్య ఎడం కొంచెం పెరుగుతుంది. అంతే. దర్శకుడికి నచ్చింది. చప్పుళ్లన్నీ కలిపే మిక్సింగ్ రోజున నిర్మాత వచ్చి కూర్చున్నాడు. "ఇక్కడ ఏమీ వినపడటం లేదు, సౌండు పోయిందా?" అన్నాడు. సాయంత్రానికి గజ్జెలు వచ్చాయి, నక్క ఊళ వచ్చింది, కోరస్ వచ్చింది. చుక్క వాటి కింద ఎక్కడో పడి ఉంది, ఈ రోజుకీ ఎవరికీ వినపడదు.

ఇక శవం నడక. ఎఫెక్ట్స్ గదిలో నేల మీద తొట్లు ఉంటాయి. ఒకదానిలో ఇసుక, ఒకదానిలో కంకర, ఒకచోట చెక్క, ఒకచోట గచ్చు. తెర మీది మనిషిని చూస్తూ వాటి మీద మనం నడవాలి. మామూలు మనిషి అడుగులో మడమ ముందు పడుతుంది, తరవాత మునివేళ్లు. రెండడుగుల మధ్య లయ ఉంటుంది, ఎందుకంటే అతనికి ఎక్కడికి పోవాలో తెలుసు. చచ్చినవాడికి ఆ లయ తీసేయాలి. పాదం మొత్తం ఒకేసారి పడాలి, రెండో కాలు ఈడవాలి, మధ్య విరామం ఏ రెండుసార్లూ ఒకేలా ఉండకూడదు. వచ్చే అడుగు ఎప్పుడు పడుతుందో వినేవాడి చెవికి అందకూడదు. చెవి ఎదురుచూస్తుంది, అడుగు రాదు, రాదు, తీరా అనుకోనప్పుడు పడుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు. ఒక జత చెప్పులు, కొంచెం ఓపిక. అదే వెయ్యిమంది పరుగెత్తి వస్తే అది హోరు. హోరులో అడుగు ఉండదు, అడుగు లేకపోతే మనిషి ఉండడు. అందుకే మీరు పకోడీలు తినగలుగుతున్నారు.

నిశ్శబ్దాన్ని ఎలా వాడాలో చూడాలంటే 1962లో వచ్చిన 'కార్నివాల్ ఆఫ్ సోల్స్' చూడండి. హెర్క్ హార్వీ అనే ఆయన కాన్సాస్‌లో ఫ్యాక్టరీలకు, బడులకు పాఠాల సినిమాలు తీసేవాడు. కారులో పోతూ సాల్ట్ లేక్ ఒడ్డున పాడుబడిన ఒక వినోదశాల చూసి, దాని కోసమే కథ అనుకుని, చేతికందిన కొద్దిపాటి డబ్బుతో తీశాడు. ముఖానికి తెల్లరంగు పూసుకుని కథానాయిక వెంటపడే మనిషి వేషం కూడా ఆయనే వేశాడు. అందులో ఒకచోట ఆమె దుకాణంలో బట్టలు వేసుకుని చూసుకుంటుంటే, ఉన్నట్టుండి లోకంలో చప్పుడు మొత్తం ఆగిపోతుంది. మనుషులు నోళ్లు కదుపుతుంటారు, మాట రాదు. ఆమెను ఎవరూ చూడరు. తిరిగి వినపడేది పార్కులో, ఒక పిట్ట కూతతో. ఖర్చెంత? సౌండు తగ్గించే బటనును ఎడమకు తిప్పడమంత. ఆ పిట్ట కూత విన్నప్పుడు నాకు కలిగిన ఊరట ఏ సంగీత దర్శకుడూ ఇవ్వలేదు.

మల్కాజిగిరి మాస్టారు:

పాత చప్పుడు గారు పనితనం సంగతి చెప్పారు. నేను చరిత్ర పాఠం చెప్పి రిటైరైనవాణ్ని, అలవాటు పోదు కాబట్టి ఒక ముక్క కలుపుతాను.

ఇవాళ జాంబీ అంటే మనిషిని కొరికి తినేది. మొదట్లో అలా లేదు. ఈ నమ్మకం కరీబియన్ సముద్రంలోని హైతీ దేశానిది. ఫ్రెంచివాళ్ల చెరకు తోటల్లో ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు గొడ్డుచాకిరీ చేసిన చోటు. 1791లో వాళ్లు తిరగబడి, 1804లో స్వతంత్రులయ్యారు. అక్కడి నమ్మకంలో జాంబీ ఎవరినీ తినడు. మంత్రగాడు సమాధి నుంచి లేపి, తన పొలంలో పనికి పెట్టుకున్న శవం అతను. జనం భయపడింది జాంబీ వచ్చి పట్టుకుంటాడని కాదు, తాము జాంబీలవుతామని. బతికున్నంతకాలం చాకిరీ చేసి, చావుతోనైనా విడుదల దొరుకుతుందనుకుంటే, అదీ దొరకకపోవడం.

1915 నుంచి 1934 దాకా హైతీ అమెరికా సైన్యం గుప్పిట్లో ఉంది. రోడ్లు వేయడానికి పల్లెల నుంచి మనుషులను పట్టుకుపోయి వెట్టి చేయించారు. సరిగ్గా ఆ కాలంలోనే జాంబీ కథ అమెరికా చేరి, 1932లో విక్టర్ హాల్పెరిన్ తీసిన 'వైట్ జాంబీ' అయింది. చిన్న సినిమా, అద్దె స్టూడియోలో పదకొండు రోజుల్లో ముగించారు. అందులో పంచదార మిల్లు దృశ్యం ఉంది. శవాలు తట్టలు మోస్తూ, గానుగ తిప్పుతూ ఉంటాయి. ఒకడు కాలు జారి గానుగలో పడిపోతాడు. మిగిలినవాళ్లు తిరిగి చూడరు, గానుగ ఆగదు. కేక లేదు, సంగీతం లేదు, కర్ర మీద కర్ర రాసుకునే కిర్రు చప్పుడు మాత్రమే.

మాది నల్గొండ జిల్లా. మా తాతయ్య చిన్నప్పుడు దొర బండి ముందు పరుగెత్తే వెట్టి చేసినవాడు. ఎందుకు పరుగెత్తాలి తాతా అంటే, దొర వస్తున్నాడని దారిలో జనానికి తెలియాలి కదా అనేవాడు, అదేదో సహజమైన పని అన్నట్టు. వాళ్ల నాన్న పోయిన రోజున కూడా కబురు వస్తే వెళ్లి పరుగెత్తాడట. ఆ మిల్లు దృశ్యం నేను ఫిల్మ్ క్లబ్బులో చూశాను. చుట్టూ కుర్రవాళ్లు పాత సినిమా కదా అని నవ్వుకుంటున్నారు. నాకు నవ్వు రాలేదు.

హైతీలో ఇంకో నమ్మకం ఉంది. జాంబీకి పొరపాటున కూడా ఉప్పు పెట్టకూడదు. నాలుకకు ఉప్పు తగిలితే తాను చచ్చానని అతనికి గుర్తొస్తుంది, పని వదిలేసి తన సమాధి వెతుక్కుంటూ పోతాడు. మనకు ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేయకూడదు. వాళ్లకు ఉప్పు తింటేనే విడుదల. మా తాతయ్యకు ఈ సంగతి చెప్పగలిగితే ఏమనేవాడో.

మూడో పాళీ అమ్మా, రాత్రంతా పనిచేసి వచ్చి మీరు ఈ సినిమాలే ఎందుకు పెట్టుకుంటున్నారో నేను ఊహించను. అది మీ ఇష్టం.

సగం టికెట్:

మాస్టారూ, చివరి వాక్యంతో కొట్టారు. నేనూ రాత్రి పాళీయే.

సరే, పాత చప్పుడు గారి మీద నాకొక అభ్యంతరం ఉంది. నిజమైన చోటు, వయసున్న ఇల్లు అన్నారు. 1943లో జాక్ టూర్నర్ తీసిన 'ఐ వాక్డ్ విత్ ఎ జాంబీ' ఈ జాతి సినిమాల్లో అన్నిటికన్నా గుబులు పుట్టించేదని చాలామంది ఒప్పుకుంటారు, నేనూ ఒప్పుకుంటాను. అందులో అర్ధరాత్రి ఇద్దరు ఆడవాళ్లు చెరకు తోటలో నడిచే ఘట్టం ఉంది కదా. ఆ చెరకు తోట స్టూడియోలో వేసిన సెట్టు. నిజమైన తోట కాదు. మరి మీ లెక్క ఎక్కడికి పోయింది?

పైగా మన బేతాళుణ్ని అందరూ మరిచిపోయారు. శవంలో దూరి, విక్రమార్కుడి భుజం మీద ఊరేగుతూ, కథలు చెప్పి ప్రశ్నలడిగే మహానుభావుడు. చందమామలో నెలనెలా చదివి పెరిగాం. ఆయన్ని చూసి మనకు భయం వేయలేదు, పైనెల కథ కోసం ఎదురుచూశాం. శవం నడిస్తే భయమన్న మాట ఎంతవరకు నిజం?

పాత చప్పుడు:

మంచి అభ్యంతరం. వాల్ లూటన్ అని ఆ సినిమా నిర్మాత. హాలీవుడ్‌లోని ఆర్‌కేవో స్టూడియో ఆయనకు పెట్టిన షరతులు ఇవి: ఖర్చు లక్షన్నర డాలర్లు దాటకూడదు, సినిమా గంటంబావు దాటకూడదు, పేరు మేమే పెడతాం. సిగ్గుపడాల్సిన పేరు పెట్టి ఇచ్చారు. ఆయన ఆ పేరు కింద నిండుగా ఒక సినిమా తీశాడు.

చెరకు తోట సెట్టే. కానీ ఆ నడక ఒకసారి కళ్లు మూసుకుని వినండి. సంగీతం లేదు. ఎండిన చెరకాకులు గాలికి రాసుకునే చప్పుడు. ఎక్కడో దూరంగా డప్పులు. నర్సు ముందు నడుస్తుంది, మాట్లాడలేని స్త్రీ తెల్ల గౌనులో వెనక వస్తుంది. చెట్టుకు చచ్చిన జంతువు వేలాడుతుంటుంది, దాని పక్కనుంచే పోవాలి. మలుపు తిరిగితే దారి మధ్య ఒక నిలువెత్తు మనిషి. కళ్లు తెరిచే ఉంటాయి, చూపు ఉండదు. అతను ఏమీ చేయడు. చేయి కూడా ఎత్తడు. వాళ్లు అతని పక్కగా వెళ్లిపోతారు. అక్కడ ఒక కేక పెట్టించడానికి ఏ నిర్మాతకైనా చేతులు దురద పెడతాయి. పెట్టించలేదు. సెట్టు వేసినా ఖాళీని ఖాళీగా ఉంచారు. నేను చోటు గురించి ఎక్కువ మాట్లాడాను, నిజానికి నాకు కావలసింది ఆ ఉంచడమే.

బేతాళుడి మాట కొస్తే, ఆయన మాట్లాడతాడు కదండీ. మాట్లాడే శవంతో బేరం కుదురుతుంది. మన దెయ్యాలన్నీ అంతే. కొరివి దెయ్యమైనా, బంగళాలో దెయ్యమైనా దానికో పగ ఉంటుంది, విరామం తరవాత ఒక ఫ్లాష్‌బ్యాక్ ఉంటుంది, ఎవరో అన్యాయం చేసి ఉంటారు, అది తీరితే పోతుంది. జాంబీకి మీ మీద పగ లేదు. మీరెవరో తెలియదు. మూడో పాళీ అమ్మ చెప్పిన దృశ్యంలో ఆ అమ్మాయి అతన్ని మనిషనుకుని మర్యాదగా మాట్లాడబోయింది. అవతల మాట వినేవాడు లేడు. నాకు దానికన్నా భయంకరమైనది తోచదు.

మాటతోనే నడిచే జాంబీ సినిమా ఒకటుంది, మీకు నచ్చవచ్చు. 2008లో కెనడాలో బ్రూస్ మెక్‌డొనాల్డ్ తీసిన 'పాంటీపూల్'. చిన్న ఊరి రేడియో స్టేషను, మంచు కురిసే ఉదయం, ముగ్గురు ఉద్యోగులు. ఊళ్లో ఏదో జరుగుతోందని ఫోన్లు వస్తుంటాయి. కెమెరా దాదాపుగా ఆ గది దాటి పోదు. గుంపును చూపించే డబ్బు లేదు, కాబట్టి గుంపు మొత్తం ఫోనులో వినిపిస్తుంది. ఆకాశవాణి వింటూ పెరిగినవాళ్లకు ఆ సినిమా రుచి ఇంకా బాగా తెలుస్తుంది.

మూడో పాళీ:

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. మాస్టారూ, మీ ఉప్పు కథ నా స్నేహితురాలికి చదివి వినిపించాను. ఆమె నవ్వలేదు, "మీ ఆఫీసు క్యాంటీనులో ఉప్పు తక్కువేస్తారన్నావు కదా" అంది. అది వేళాకోళమో కాదో తేల్చుకోలేకపోయాను.

'కార్నివాల్ ఆఫ్ సోల్స్' చూశాను. పిట్ట కూత దగ్గర ఆపి మళ్లీ వెనక్కి వెళ్లి చూశాను. ఆ తరవాత పడుకోబోతూ మా ఇంటి చప్పుళ్లు విన్నాను. ఫ్రిజ్ ఆగినప్పుడు గది పెద్దదైనట్టు అనిపిస్తుందని ఇన్నాళ్లూ గమనించలేదు. సెల్లారులో నీళ్ల మోటారు ఆగాక పైపులో ఏదో దిగుతున్న చప్పుడు, లిఫ్టు తనంతట తాను కిందికి పోయే చప్పుడు. ఇదంతా వాడుకోవచ్చా? ఫ్యాక్టరీ మాట ఏమంటారు?

సగం టికెట్ గారూ, మీరన్నట్టు ఆదివారం మధ్యాహ్నం కూడా ఒకటి చూశాను. కుక్కర్ కూతల మధ్య. కొంచెం తగ్గింది, ఒప్పుకుంటాను. మొత్తం పోలేదు.

పాత చప్పుడు:

ఫ్యాక్టరీ వద్దమ్మా. మూతపడినంత మాత్రాన యజమాని లేనట్టు కాదు, కాపలా ఉంటుంది. అనుమతి లేకుండా లోపలికి పోతే చిక్కు. పైగా పాత షెడ్లలో రేకులు ఎప్పుడు ఊడతాయో తెలియదు, పాములుంటాయి. అన్నిటికన్నా ముఖ్యం, పాడుబడ్డ ఫ్యాక్టరీలో శవం నడిస్తే చూసేవాడు ముందే సిద్ధంగా ఉంటాడు. మీ సెల్లారులో నడిస్తే సిద్ధంగా ఉండడు. పగలు కార్లు కడిగే చోటు, పిల్లలు సైకిల్ తొక్కే చోటు. అక్కడే తీయండి. అసోసియేషన్ సెక్రటరీ దగ్గర కాగితం మీద అనుమతి తీసుకోండి. వాచ్‌మన్ కుటుంబానికి ముందే చెప్పండి, వాళ్లుండేది అక్కడే కదా.

చప్పుడు విషయంలో ఒక జాగ్రత్త. ఫోను నిశ్శబ్దాన్ని భరించలేదు. చప్పుడు తగ్గితే తనంతట తాను వినికిడి పెంచేస్తుంది, ఎవరైనా మాట్లాడగానే టక్కున తగ్గిస్తుంది. దాంతో మీ ఖాళీ సెల్లారు కాసేపు జలపాతంలా, కాసేపు గుడ్డ కప్పినట్టు వినిపిస్తుంది. చేత్తో స్థాయి పెట్టుకునే ఆప్‌లున్నాయి, అలాంటిది వేసుకుని స్థాయి కదలకుండా ఉంచండి. బొమ్మ తీసే ఫోను వేరు, చప్పుడు పట్టే ఫోను వేరుగా పెట్టుకుంటే ఇంకా మంచిది. రెండోదాన్ని నటించేవాళ్లకు దగ్గరగా, ఏ స్తంభం వెనకో ఉంచండి. మొదట్లో ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి, తరవాత రెండింటినీ కలిపేటప్పుడు గుర్తుగా ఉంటుంది.

ప్రతి దృశ్యం అయ్యాక అందరినీ కదలకుండా నిలబెట్టి, ఒక నిమిషం ఊరికే ఆ చోటును రికార్డు చేయండి. ఎవరూ దగ్గకూడదు, గాజులు ఆడకూడదు. మోటారు ఆగిన తరవాతి నిమిషం ఒకటి, లిఫ్టు దిగేటప్పటిది ఒకటి. ఖాళీ గది ప్రతిదానికీ తనదైన శబ్దం ఉంటుంది, దృశ్యాల మధ్య అతుకులు కనపడకుండా చేసేది అదే. మా రోజుల్లో ఇది అడిగితే రీలు దండగ అనేవాళ్లు. మీకు రీలు లేదు, దండగ లేదు.

శవం ఒకటి చాలు. నాలుగు శవాలు పెట్టకండి. మొదటిసారి దాన్ని దూరంగా, కార్ల మధ్య, ఏదో పోగొట్టుకుని వెతుక్కుంటున్న మనిషిలా చూపించండి. మీ కథానాయిక "ఏమైనా సాయం కావాలా అంకుల్?" అని అడగాలి.

డబ్బు లేని తంటాలు ఎలా ఉంటాయో చూసి ధైర్యం తెచ్చుకోవాలంటే 2017 జపాన్ సినిమా 'వన్ కట్ ఆఫ్ ది డెడ్' చూడండి. ముప్ఫై లక్షల యెన్లతో తీశారు. మొదటి ముప్ఫై ఏడు నిమిషాలు కట్ లేకుండా ఒకే షాట్. అది చూస్తూ ఇదేమి సినిమా అనిపిస్తుంది, అయినా మధ్యలో లేవకండి. ఇంతకన్నా చెప్పను. అది భయపెట్టదు, కానీ సినిమా పని చేసిన ఎవరికైనా కళ్లు చెమ్మగిల్లుతాయి.

సగం టికెట్:

శవం వేషం నాకివ్వండి. సోమవారం తెల్లవారుజామున ఆఫీసు నుంచి దిగేటప్పుడు నా నడక పాత చప్పుడు గారు చెప్పినట్టే ఉంటుంది, సాధన అక్కర్లేదు. బియ్యప్పిండి ఖర్చు నాది. నాకు డైలాగులు వద్దు, కానీ చివర్లో పేరు వేయాలి.

మూడో పాళీ:

వేస్తాం. వచ్చే శనివారం రాత్రి పదకొండు తరవాత సెల్లారు మాదే, సెక్రటరీ గారు ఒప్పుకున్నారు. ఒక షరతు పెట్టారు. వేషంతో లిఫ్టు ఎక్కకూడదట, మూడో అంతస్తు పెద్దాయనకు గుండెజబ్బు. కాబట్టి మెట్లమీదుగా రండి, చెప్పులు పాతవి వేసుకు రండి. పాత చప్పుడు గారూ, మీ మోకాళ్లకు ఇబ్బంది లేకపోతే కారు పంపుతాం.